చోటున్నంత మేర

గోడ మీద నడిచేటప్పుడు కినాయి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటుంది. ఇసుకా సిమెంటూ కూరి కుట్టిన బస్తాలు మూడేళ్ళకు రాయిలా బిగిశాయి. వాటి మీద అరికాలికి దొరికే పట్టు రబ్బరు చెప్పుకు దొరకదు. తెబోరా ఊళ్ళో ఈ సంగతి నడక నేర్చిన పిల్లకు కూడా తెలుసు. తరావా పట్నం నుంచి నిన్నటి పడవలో దిగిన యెరెమియాకు తెలియదు. రెండుసార్లు జారాడు. రెండోసారి కెమెరాను కాపాడుకుని మోకాలు చీరుకున్నాడు.

"చెప్పులు విప్పమన్నానా లేదా?" అంది కినాయి వెనక్కి తిరగకుండానే.

"నడుస్తున్నా కదక్కా."

"నడవట్లేదు. పడటానికి చోటు వెతుక్కుంటున్నావు."

యెరెమియా అధ్యక్షుడి ఎన్నికల ఆఫీసు మనిషి. ఎల్లుండి అధ్యక్షుడే ఈ ఊరికి వస్తున్నాడు. నాలుగేళ్ళు పాలించాడు, మళ్ళీ నిలబడ్డాడు. ఈ దీవి పొడవునా ఆయన తరఫున మాట్లాడే బాధ్యత కినాయిది. ఎవరూ అప్పగించలేదు, తనే తీసుకుంది. యాభై రెండేళ్ళ మనిషి. బడి నాలుగో తరగతితో ఆగింది. చదువు మాత్రం ఆగలేదు. కొబ్బరి ఎండబెట్టే గిడ్డంగిలో పాత కాగితాలు చదివి, రేడియో విని, పడవ సరంగులతో వాదించి నేర్చుకుంది. ఆమె నోటికి ఎదుటి పక్షంవాళ్ళు భయపడతారు. ఆమె పక్షంవాళ్ళు ఇంకొంచెం ఎక్కువ భయపడతారు.

ఆయన చేసిన పనులు ఏడు. వాననీటి తొట్టెలు, రోగుల పడవ, బడికి కొత్త కప్పు, ముసలివాళ్ళకు పింఛను, ఇలా అన్నీ ఆమె కళ్ళతో చూసినవే. చూడనిది చెప్పదు. "మన అధ్యక్షుడు మంచోడు" అని ఎవరైనా మొదలుపెడితే అక్కడే ఆపేస్తుంది. "మంచోడైతే వాళ్ళావిడకి చెప్పు. నాకు ఆయన ఏం చేశాడో చెప్పు" అంటుంది. పక్క ఊళ్ళో ఎదుటి పక్షం మనిషి ఒకడు లేచి, గోడ కట్టిన డబ్బు పరాయి దేశానిది అన్నాడు. "డబ్బు ఎవరిదైతేనేం, అడిగి తెచ్చిందెవరు? నీ నాయకుడికి నోరు లేదా, సిగ్గెక్కువా?" అంది. అక్కడి మనేబాలో, ఊరంతా కూర్చునే ఆ పెద్ద పాకలో, నవ్వు కప్పు దాకా లేచింది.

ఏడు పనుల్లోనూ గోడంటే ఆమెకు ప్రాణం. ఇసుక జల్లెడ పట్టింది, బస్తాల మూతులు కుట్టింది, రెండు వేళ్ళ గోళ్ళు పోగొట్టుకుంది. గోడ లేకముందు, దీవి వంపులో మడుగులా నిలిచిన లోపలి సముద్రం అమావాస్య పోటుకు వంటిళ్ళలోకి వచ్చేది. ఇప్పుడు వచ్చి గోడను తట్టి వెళ్ళిపోతుంది.

"నాలుగు వందల అంగలు. రాసుకున్నావా?"

"రాసుకున్నా. కరపత్రం మీద 'తెబోరా ఊరంతటికీ రక్ష' అని వేశాం." సంచిలోంచి ఒకటి తీసి చూపించాడు. అచ్చు కొత్తగా మెరుస్తోంది. "నువ్వు గోడ మీద నడుస్తున్న ఫోటో ఒకటి కావాలి. అదిగో, ఆ చివరి నుంచి ఇటు రా."

కినాయి గోడ చివరికి నడిచింది. అక్కడ ఆమె నేల సరిహద్దు రాయి ఉంది, అక్కడితోనే గోడ కూడా అయిపోతుంది. అవతల నాలుగు ఇళ్ళు. నలభై ఒక్కేళ్ళ కిందట దక్షిణపు దీవిలో కరువొచ్చినప్పుడు పడవెక్కి వచ్చిన కుటుంబాలవి. నేల అరువు. మనేబాలో చోటు లేదు.

"ఇటు తిరుగక్కా. ఆ ఇళ్ళు పడకూడదు. బాగాలేవు."

ఇటు తిరిగే ముందు ఆమె అటు చూసింది. పోటు ఎక్కుతోంది. గోడ పొడవునా నీళ్ళు తట్టుకుని, తట్టుకుని, పోవడానికి దారి లేక ఈ చివరికి పరుగెత్తుకొస్తున్నాయి. చివరి బస్తా దాటగానే మెలి తిరిగి, ఒక్కసారి లోపలికి దూకుతున్నాయి. ఆ దూకుడుకు నేల పంటితో కొరికినట్టు గుండ్రంగా కోసుకుపోయింది. కోతలో ముసలి తౌనియా మోకాటి లోతున నిలబడి, కొబ్బరి మొద్దు ఒకటి అడ్డం పెట్టి, దాని వెనక రాళ్ళు దూరుస్తున్నాడు. పెట్టిన రాయిని నీళ్ళు దొర్లిస్తున్నాయి. మళ్ళీ పెడుతున్నాడు.

ఆమె రోజూ చూసే చోటే. రోజూ చూసే మనిషే.

ముసలాయన నడుం నిటారు చేసి ఆమె వైపు చూశాడు. చెయ్యి తుడుచుకున్నాడు. "కినాయీ, నిన్నొకటి అడగాలి" అన్నాడు.

యెరెమియా పట్నంలో పుట్టినా ఈ దేశం వాడే. ఆ మాట చెవిన పడగానే గోడ మీద పరుగున వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "తర్వాత మాట్లాడొచ్చు పెద్దాయనా, అర్జెంటు పనుంది" అని ఆమెను లాక్కుపోయాడు. ఈసారి జారలేదు.

*

అడిగితే ఇవ్వాలి. ఈ దీవుల్లో అంతకన్నా పెద్ద చట్టం లేదు. దాన్ని బుబుటి అంటారు. మనిషి మనిషి ఎదుట నిలబడి, కళ్ళలోకి చూసి, నీది ఫలానాది నాకివ్వు అంటే, కాదనే నోరు ఎవరికీ ఉండదు. పడవ కావచ్చు, పంది కావచ్చు, ఒంటి మీద చొక్కా కావచ్చు. కాదన్నవాడి పేరు మూడు తరాలు కంపు కొడుతుంది. అందుకే తెలివైనవాళ్ళు కాదనరు. దొరకరు. అడిగేవాడు ఇటు వస్తున్నాడని తెలిస్తే వల భుజానేసుకుని అటు పోతారు. అడగనివ్వకపోవడం తప్పు కాదు, అదొక నేర్పు.

"ఎల్లుండి ఆయన వచ్చి వెళ్ళేదాకా ఆ ముసలాడి కంట పడొద్దు" అన్నాడు యెరెమియా. "మనేబాలో నువ్వు మాట్లాడే వంతు తనకివ్వమంటాడు. అధ్యక్షుడి ముందు నిలబడి గోడ గురించి ఏడుస్తాడు. రేడియోవాళ్ళు వస్తున్నారు."

"అడుగుతాడంటావా?"

"నేనైతే అదే అడుగుతాను."

మర్నాడు పొద్దున కినాయి జీవితంలో మొదటిసారి దాక్కుంది. తౌనియా చేతికర్ర ఊతతో వాకిట్లోకి రావడం కిటికీ చాప సందులోంచి చూసి, వెనక నుంచి బయటి సముద్రం ఒడ్డుకు పోయింది. అక్కడ పనేమీ లేదు. పీతల బొరియలు చూస్తూ గంట కూర్చుంది. తిరిగొచ్చేసరికి మొగుడు బెతెరో కొబ్బరిచెట్టు మీద ఉన్నాడు. కల్లుగీసేవాడు పైనుంచి పాడుతుంటాడు, అది ఆచారం. బెతెరో పాట ఆపి కిందికి కేకేశాడు.

"ఏమే, చేపలేమైనా పడ్డాయా?"

"వల తీసుకెళ్ళలేదు."

"మరి బయటి ఒడ్డుకెందుకెళ్ళావు? వల లేకుండా చేపలతో మాట్లాడి ఓట్లడిగావా?"

"నోరు మూసుకుని గియ్యి."

"ముసలాయన రెండుసార్లొచ్చాడు. నువ్వెక్కడున్నావని అడిగాడు. చెట్టు మీద ఉన్నాను, నాకు సముద్రం తప్ప ఏమీ కనపడదన్నా." గీత కత్తి మొవ్వ మీద రెండుసార్లు ఆడింది. పలచటి పొర గాలికి తిరుగుతూ కింద పడింది. "ముప్పై ఏళ్ళుగా నిన్ను చూసి ఊరు దాక్కోవడం చూశాను. నువ్వు దాక్కోవడం ఇవాళే చూస్తున్నా. నాకైతే బాగుంది, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది."

ఆమె తిట్టకుండానే ఇంట్లోకి పోయింది. అంతకన్నా వింత లేదన్నట్టు బెతెరో చెట్టు మీంచి తొంగిచూశాడు.

మధ్యాహ్నం వంటపాకకు పోయింది. విందుకు ఊరి ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. అధ్యక్షుడికి పెట్టాలంటే గుంట చేమే పెట్టాలి. బియ్యం ఎవరైనా పెడతారు. చేమదుంప అంటే ఇంటి పరువు. మనిషి లోతు గుంట తవ్వి, అడుగున ఊరే మంచినీటిలో మొక్క నాటి, చుట్టూ అడుగు లేని బుట్ట అల్లి, ఆకులూ మన్నూ ఏళ్ళ తరబడి మేపితే ఊరుతుంది. ఒక్కో ఇల్లు తన గుంటలో పెద్దది పీకి తెచ్చింది. పసిపిల్లంత దుంపలు చాప మీద వరసగా పడుకున్నాయి.

తౌనియా కోడలు రుయా నాలుగు దుంపలు తెచ్చి వరస చివర పెట్టింది. మనేబాలో చోటు లేనివాళ్ళయినా విందుకు వంతు తేవాలి. తెచ్చి, వండి, చూరు దాకా మోసి, అక్కడ నిలబడి లోపలివాళ్ళకు అందించాలి. నాలుగు దుంపలూ కలిపి పక్కదానిలో సగం లేవు.

"ఇవి చేమా, పిల్లల బొంగరాలా?" అంది ఒకావిడ. నవ్వారు. రుయా కూడా నవ్వింది. నవ్వడం ఆమెకు అలవాటైనట్టుంది.

కినాయి ఒక దుంప తీసి చెక్కు తీసింది. కత్తి సాగలేదు. చెక్క మీద గీసినట్టు గరగరమంది. ముక్క కోసి ఉడుకుతున్న కుండలో వేసి, మిగతావి మెత్తబడేదాకా ఉండి, పుల్లతో గుచ్చింది. పుల్ల విరిగింది. తీసి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పు తాగింది" అంది రుయా మెల్లగా, తప్పు తనదైనట్టు. "పెద్దవైతే కుళ్ళిపోతున్నాయి. అందుకే ముందే పీకేస్తున్నాం."

"ఎప్పట్నుంచి?"

రుయా చుట్టూ చూసింది. అందరూ తమ కత్తుల్లోకి చూస్తున్నారు.

"చెప్పవే. ఎప్పట్నుంచి?"

"గోడ కట్టిన మరుసటేడు నుంచి."

"అంతకుముందు?"

"అంతకుముందు నీళ్ళు ఊరంతటికీ వచ్చేవి కదత్తా. కాసిని మీకు, కాసిని మాకు. ఇప్పుడు అన్నీ మాకే."

ఎవరూ నవ్వలేదు. కినాయి నోట్లో ముక్క ఉమ్మేయలేదు. నమిలింది. మింగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత చేతులు కడుక్కుని, లుంగీ బిగించి కట్టుకుని, వంటపాక దాటి పట్టపగలు ఊరి నడిబాటన తౌనియా ఇంటికి నడిచింది. యెరెమియా మనేబా దగ్గర జెండాలు కడుతున్నాడు. "అక్కా, ఎటు?" అని కేకేశాడు. "నా కాళ్ళకు చెవుల్లేవు" అంది.

*

తౌనియా ఇంటి అరుగు కర్రల మీద ఉంది. కింద నేల నల్లగా, తడిగా ఉంది. ఆమె అరుగు ముందు నిలబడి సూటిగా అతని కళ్ళలోకి చూసింది.

"వచ్చాను. అడుగు."

ముసలాయన తొందరపడలేదు. మొగలాకు చాప దులిపి పరిచాడు. కొబ్బరి చిప్పలో తీపికల్లు పోసి ముందు పెట్టాడు. "కూర్చో. నిన్న నుంచి నీ కోసం తిరిగి నా కాళ్ళు నొప్పులెత్తాయి. నీ కాళ్ళు కూడా నొప్పిగానే ఉండి ఉంటాయి."

ఆమె కూర్చుని తాగింది. అయిదు దాటింది. పోటు నిండుకు వస్తోంది. గోడ చివర నీళ్ళు మెలి తిరగడం ఇక్కడి నుంచి ఇంకా బాగా కనపడుతోంది. నురగ పట్టిన నాలుక ఒకటి కొబ్బరి మొద్దు మీంచి దాటి, ఇసుక మీద పాకి, అరుగు కింద కర్రల మధ్యకు వచ్చింది. రుయా పిల్లలు అదేమీ వింత కానట్టు కాళ్ళు పైకి లాక్కుని ఆట సాగించారు. వెనకాల చేమ గుంట గట్టు మీద ఆకులు అంచులన్నీ కాలినట్టు గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి.

"గోడకు కొలత వేసిన రోజు" అన్నాడు తౌనియా, "తాడు కొస పట్టుకుని నువ్వు నీ సరిహద్దు రాయి దగ్గర నిలబడ్డావు. నాలుగిళ్ళూ కట్టుకోవడానికి నాకిచ్చిన నేల చివర, ఆ మొగలి చెట్టు దగ్గర నేను నిలబడ్డాను. ఇంకో ఎనభై అంగలు. నువ్వు నన్ను చూశావు. చూసి, 'అయిపోయింది' అని కేకేశావు."

"పెద్దలు అంతే చెప్పారు. మనేబాలో చోటున్నంత మేర గోడ అన్నారు."

"అన్నారు. కేకేసింది నువ్వు."

కినాయి చిప్ప కింద పెట్టింది.

"బస్తాలు తక్కువేం పడలేదు" అన్నాడు. "ఆయన ఊరు మొత్తానికీ పంపాడు. మిగిలినవాటితో మనేబా చుట్టూ అరుగు కట్టారు. ఎండలో బయట కూర్చుని నేను వాటినే చూస్తుంటాను. నువ్వు వాటికి ఆనుకుని మాట్లాడుతుంటావు. బాగా మాట్లాడతావు."

గోడ గురించి కినాయి పదకొండు ఊళ్ళలో చెప్పింది. ఒక్క ఊళ్ళోనూ అబద్ధం చెప్పలేదు. నాలుగు వందల అంగలూ నిజం. ఆగింది ఎక్కడో, ఎవరి నోటి మాటతో ఆగిందో, అది ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

"రేపు నా మాట వంతు నీకిస్తాను" అంది చివరికి. "అధ్యక్షుడి ముందు చెప్పుకో. నేను అడ్డం రాను. ఎవర్నీ రానివ్వను."

"నీ మాట నాకెందుకు? నాకు నోరుంది."

"మరి గోడా?"

"గోడ నీదా? నీది కానిది నిన్నెలా అడుగుతాను?" ముసలాయన కర్ర పక్కన పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ఆమె ముఖంలోకి చూశాడు. "నీదే అడుగుతున్నా. మనేబాలో మీ నాన్న చోటు. అందులో నాకూ, నా కొడుకులకూ, వాళ్ళ పిల్లలకూ కూర్చునేంత ఇవ్వు."

నీళ్ళు అరుగు కింద గలగలమన్నాయి.

నేల అడిగినా ఇంత బరువు కాదు. చోటంటే పేరు పిలిచే వరస. విందులో వాటా. మాటకు వంతు. చచ్చాక తన పిల్లలు ఏ స్తంభం కింద కూర్చోవాలో అది. కినాయికి అన్నదమ్ములు లేరు. తండ్రి పోయాక ఆ చోట్లో ఒక ఆడది కూర్చుని నోరు విప్పడానికి ఎనిమిదేళ్ళు పోట్లాడింది. ఆ చాప ఆమె గుంజుకున్నది. ఎవరూ పరిచిపెట్టింది కాదు. దాన్ని సగం చేయమంటున్నాడు.

కాదనడానికి వీల్లేదు. కానీ ఆమె ఆలోచించింది కాదనడం గురించి కాదు. ఎనిమిదేళ్ళు బయట కూర్చోవడం తనకు ఎలా ఉండేదో గుర్తుచేసుకుంది. ఈయన బయట కూర్చుని నలభై ఒక్కేళ్ళు.

"ఇచ్చాను" అంది.

తౌనియా తల ఊపాడు. థాంక్సు చెప్పలేదు. బుబుటికి చెప్పరు.

ఇంటి దారి పట్టి సగం దూరం పోయాక కినాయి ఆగిపోయింది. చోటున్నంత మేర గోడ. పెద్దల మాట అది. వాళ్ళే పెట్టుకున్న మాట, వాళ్ళే మింగలేని మాట. ముసలాడు మూడేళ్ళు నీళ్ళలో నిలబడి రాళ్ళు పేరుస్తూ ఇది ఆలోచించాడు. గోడ అడగలేదు. గోడ దానంతటదే నడిచి వచ్చేట్టు అడిగాడు. నడిబాటలో నిలబడి ఆమె గట్టిగా నవ్వింది. చెట్టు మీంచి బెతెరో, "అమ్మయ్య, గొంతు తిరిగొచ్చింది" అన్నాడు.

*

"అధ్యక్షుడి ముందు ఊరి పంచాయితీ పెడతావా?" యెరెమియా ముఖం పాలిపోయింది. తెల్లవారి ఇంకా ఎండ ముదరలేదు. అప్పుడే పడవ లంగరు వేస్తోంది. "అక్కా, ఎన్నిక ఇంకో తొమ్మిది రోజులే. ఆయన కట్టిన గోడ నాలుగిళ్ళను ముంచుతోందని రేడియోలో పోతే?"

"ఆయన కట్టిన గోడ ముంచట్లేదు. మేం కత్తిరించిన గోడ ముంచుతోంది. ఆయన పంపింది నాలుగు వందల ఎనభై అంగలకు. అది చెప్పావా నీ కరపత్రంలో?"

"నాకు తెలియదు."

"నాకు తెలుసు. ఆయన చేసింది గొప్పగా చెప్పడం నా పని. చేస్తాను. అందులో ఎనభై అంగలు మేం నొక్కేసిన సంగతి దాచిపెట్టడం నా పని కాదు. ఆయన రికార్డు నువ్వు చిన్నది చేసి అచ్చేశావు. నేను పెద్దది చేస్తున్నా. వెళ్ళి పూలదండ తెచ్చుకో."

మనేబా చూరు కిందికి వంగి ఉంటుంది. ఎంతటివాడైనా నడుం వంచే లోపలికి రావాలి. అధ్యక్షుడూ వంగే వచ్చాడు. వయసు అరవై లోపు, చెప్పులు బయట వదిలాడు, ఊరి పెద్దలకు పొగాకు కట్టలు ముందు పెట్టి, అతిథుల చోట్లో చాప మీద కూర్చున్నాడు. లోపల రెండు వందల మంది. ఏ కుటుంబం దాని స్తంభం కింద.

అప్పుడు చూరు అంచున ఇంకో మనిషి వంగాడు. తౌనియా. చంకలో చాప, వెనక కొడుకులిద్దరు, రుయా, పిల్లలు. చూరు కింద తల దూర్చడం అలవాటు లేక నుదురు కొట్టుకున్నాడు. కినాయి జరిగింది. ముసలాయన ఆమె పక్కన చాప పరిచి, నెమ్మదిగా, మోకాళ్ళు చప్పుడు చేస్తుంటే, కూర్చున్నాడు.

పెద్దల్లో పెద్ద అబేరా పొగాకు చుట్టడం ఆపాడు. "కినాయీ, నీ పక్కనెవరు?"

"మా వాళ్ళు."

"ఎప్పట్నుంచి?"

"నిన్న సాయంకాలం పోటు నుంచి. అడిగాడు. ఇచ్చాను."

అబేరా నోరు తెరిచాడు. ఇచ్చింది ఇచ్చిందే. దాని మీద మాట్లాడేవాడు తన ఇంట్లో ఇచ్చిందీ పుచ్చుకున్నదీ అంతా బజారులో పెట్టుకోవాలి. నోరు మూసుకున్నాడు. అయినా ఊరుకోలేక, "ముందు మాతో ఒక మాట అనాల్సింది" అని గొణిగాడు.

"అనేదాన్నే. మీరు నన్ను చూసి దాక్కుంటారు కదా."

ఎక్కడో నవ్వు పుట్టి, భయపడి చచ్చింది.

కినాయి లేచింది. చేతి మైకు యెరెమియా ఇవ్వబోతే వద్దంది. ఏడు పనులూ చెప్పింది. ఎప్పుడూ చెప్పేదానికన్నా బాగా చెప్పింది. ఏ తొట్టెలో ఎంత నీళ్ళున్నాయో, రోగుల పడవలో ఎవరి బిడ్డ పుట్టిందో, పేరుపేరునా. చివర గోడ దగ్గరికి వచ్చింది.

"గోడకు ఈయన ఊరు మొత్తానికీ బస్తాలు పంపాడు. ఎనభై అంగలవి మిగిల్చి మనం ఇదిగో ఈ అరుగు కట్టుకున్నాం. గోడ ఇక్కడ ఆగాలని తేల్చింది ఈయన కాదు. మీరు. తాడు పట్టుకుని కేకేసింది నేను. ఆ చివర తిరిగిన నీళ్ళు నాలుగిళ్ళను తింటున్నాయి. ఏడో పని పూర్తయిందని పదకొండు ఊళ్ళలో చెప్పాను. పూర్తి కాలేదు. ఈయన తన పని చేశాడు. మనది బాకీ." ఆగి, అబేరా వైపు తిరిగింది. "ఆరోజు మీరొక మాటన్నారు. ఏమన్నారో మీరే చెప్పండి. నేను చెబితే నా నోటి దురుసంటారు."

అబేరా చుట్టబోయిన పొగాకును ఒళ్ళో పెట్టుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. తాతల నుంచి వచ్చిన పద్ధతిలో ఎండ తగలకుండా బతికినవాడు.

"చోటున్నంత మేర గోడ అన్నాం" అన్నాడు.

"ఇవాళ చోటు ఎక్కడి దాకా ఉంది?"

"మొగలి చెట్టు దాకా" అన్నాడు. ఇంకెవరూ ఏమీ అనలేదు. అంటే అందరూ అన్నట్టే.

అధ్యక్షుడు ఇంతసేపూ కదలకుండా విన్నాడు. రేడియో మనిషి ఆయన ముందు రికార్డింగు పెట్టె పెట్టాడు. దాన్ని మెల్లగా పక్కకు నెట్టి, తౌనియా వైపు తిరిగాడు. "పెద్దాయనా, నన్నేమైనా అడగాలనుందా?"

యెరెమియా కళ్ళు మూసుకున్నాడు.

తౌనియా లేవలేదు. తన చోట్లో కూర్చున్నవాడు లేవనక్కర్లేదు. "మిమ్మల్ని అడిగేదేం లేదు" అన్నాడు. గొంతు బొంగురుగా ఉన్నా స్తంభాల దాకా పోయింది. "బస్తాలు ఈ అరుగులో ఉన్నాయి, ఊరి చేతుల్లో బలముంది. మీ దగ్గర అడిగేది ఓటు రోజు అడుగుతాను, పెట్టెలో. ఎవరికి వేస్తానో ఇంకా తేల్చుకోలేదు."

"తేల్చుకోకపోవడమేంటి తాతా?" అంది కినాయి. "ఇంత చెప్పాక కూడానా?"

"నువ్వు బాగా చెప్పావు. ఆ రెండో ఆయన మనుషులు కూడా వచ్చి చెప్పనీ. ఇప్పుడు లోపల కూర్చుని వింటాను కదా."

మొదట నవ్వింది అధ్యక్షుడే. తర్వాత మనేబా అంతా నవ్వింది. అబేరా కూడా, పొగాకు రాలిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని.

నవ్వు తగ్గాక ఒక చిక్కు కనపడింది. తౌనియా వాళ్ళు ఎనిమిది మంది. కినాయి స్తంభం కింద అంతమంది పట్టడం లేదు. రుయా చిన్న కూతురు సగం చాప మీద, సగం గులకరాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆ పిల్లను రుయా వెనక్కి, చూరు బయటికి పంపబోయింది.

"ఎక్కడికే?" అంది కినాయి. పక్క స్తంభం వాళ్ళ వైపు చూసింది. "జరగండి."

పక్క కుటుంబం వాళ్ళు చాపలు ఎత్తి మూరెడు జరిగారు. వాళ్ళు జరిగితే వాళ్ళ పక్కవాళ్ళూ జరగాల్సి వచ్చింది. ముసలమ్మలు గొణుక్కుంటూ, మగాళ్ళు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కుంటూ, చాప అంచు వెనక చాప అంచు రాసుకుంటూ ఆ కదలిక మనేబా చుట్టూ తిరిగింది. అబేరా తన పొగాకు పట్టుకుని జరిగాడు. అలా అలా అతిథుల చోటు దాకా వచ్చింది. యెరెమియా కంగారుగా లేచి, ఇటు కాదు, ఇటు కాదు అని చేతులు అడ్డం పెట్టాడు.

అధ్యక్షుడు అప్పటికే లేచాడు. తన చాప తానే చుట్టి, మూరెడు పక్కన పరుచుకుని, కూర్చుని, కినాయి వైపు చూశాడు.

"చాలా?" అన్నాడు.

కినాయి రుయా పిల్ల వైపు చూసింది. మోకాలు ఒకటి ఇంకా గులకరాళ్ళ మీదే ఉంది.

"ఇంకొంచెం" అంది.